ఉపదేశి పనితనం

వేదనాయగం శామ్యూల్ అజరయ్యది తిరునల్వేలి ప్రాంతం, మాతృభాష తమిళం. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పేరున్న కొలువు. 1909లో అది వదిలేసి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. చరిత్ర ఆయన పేరు రాసుకుంది, సరే.

నా మెప్పు మాత్రం అలాంటి పల్లెల్లో సంఘాన్ని నడిపే ఉపదేశికి. తనది కాని ఊళ్లో కాపురం పెట్టడం, పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించడం, కూలికెళ్లినవాళ్లు తిరిగొచ్చాక దీపం పెట్టి ప్రార్థన నడపడం ఆయన పని. జీతం సంగతి అడక్కండి. చదువురానివాళ్లకు వాక్యం చేరాలంటే పాటే దారి: చరణం తాను అందుకోవాలి, వాళ్లచేత అనిపించాలి, వెనక నక్కి కూర్చున్న ముసలమ్మను వరసపెట్టి పిలిచి, "నువ్వూ అనవ్వా" అని బతిమాలాలి. గొంతు బాగుంటే చాలదు, ఓపిక కావాలి. మైకు ముందు గంటసేపు ప్రసంగించడం దీనికన్నా తేలికని నా లెక్క. మధ్యలో ఎవరింట్లోనో జ్వరం, ఎవరికో అర్జీ, ఏ ఆలుమగలకో తగాదా. అన్నిటికీ కబురు ఆయనకే వస్తుంది.