నలభై కిలోలు, నాలుగు రాళ్లు

తక్కెడతో తూచే కూరగాయలావిడ చేతినోసారి గమనించండి. ఎనిమిది వందల గ్రాముల వంకాయలు అడిగితే ఒక పళ్లెంలో కిలో రాయి పెట్టి, రెండోదాంట్లో వంకాయల పక్కనే రెండు వందల రాయి వేస్తుంది. ముల్లు నిటారుగా నిలిచిందా, తూకం సరి. సరుకు వైపు రాయి వేయడమంటే తీసివేత చేయడమే. ఎంత అందమైన పనితనం! 40 అనే సంఖ్య గుట్టంతా అందులోనే ఉంది.

1, 3, 9, 27 కిలోల రాళ్లుంటే చాలు, 1 నుంచి 40 దాకా ఎన్ని కిలోలైనా తూచొచ్చు. 14 కిలోల బియ్యం కావాలా? ఒకవైపు 27, మరోవైపు బియ్యంతో పాటు 9, 3, 1. ఫ్రెంచి గణితవేత్త బాషే 1612లో అచ్చువేసిన పుస్తకంలో ఈ లెక్క ఉంది.

సరిగ్గా 40 దగ్గరే ఎందుకు ఆగుతుంది? ప్రతి రాయికీ మూడే చోట్లు: ఎడమ పళ్లెం, కుడి పళ్లెం, నేల. నాలుగు రాళ్లకు 81 అమరికలు. అన్నీ నేలమీదే ఉన్నదాన్ని తీసేస్తే 80. వాటిలో సగం, మిగతా సగానికి పళ్లేలు తారుమారు చేసినవే. ఇక 40. ఒక్క అమరికా వృథా పోదు, ఏ తూకానికీ రెండో దారి లేదు. రాళ్లన్నీ ఒకవైపే పెడతానంటే మాత్రం ఆరు కావాలి.

కూరగాయలావిడ ఈ తీసివేతను బేరమాడుతూనే, ముల్లు మీంచి చూపు తిప్పకుండా చేస్తుంది. ఐదో రాయిగా 81 చేరిస్తే హద్దు 121కి పోతుంది.