పెనం మీద పంది మాంసం, పక్కన ఆపిల్

పంది వెన్ను పక్కనుంచి కోసిన మందపాటి ముక్కలను వేడి పెనం మీద ఎర్రగా కాల్చి పక్కన పెడతారు. అదే కొవ్వులో ఉల్లిపాయ, ఆపిల్ ముక్కలు మగ్గిస్తారు. కాస్త ఆపిల్ రసం పోసి, అడుగు గోకి, మాంసాన్ని మళ్లీ అందులోకి చేర్చి దించేస్తారు. ఐరోపాలో, అమెరికాలో ఎన్నో ఇళ్లలో రాత్రి భోజనానికి జరిగే వంట ఇది. అరగంటలో ముగుస్తుంది, తోముకోవడానికి మిగిలేది ఒక్క పెనమే. పని తక్కువే అయినా వరుస తప్పకూడదు. వరుస తప్పితే అవే దినుసులతో చెక్కలాంటి మాంసమూ, ముద్దైపోయిన పండూ మిగులుతాయి.

ఈ జోడీ చాలా పాతది. అపీకియస్ పేరుతో నిలిచిన రోమన్ల వంటల సంకలనంలో ‘మినుటాల్ మాతియానుమ్’ అనే కూర ఉంది. పంది జబ్బ మాంసం సగం ఉడికాక గింజ తీసిన ఆపిల్ ముక్కలు వేయమంటుంది ఆ పాఠం. మిరియాలు, జీలకర్ర, కొత్తిమీర, పుదీనా, ఇంగువ జాతి వేరు, తేనె, వెనిగర్, చేపల పులుసునీరు అందులో పడతాయి. ఈ జాబితా చదివే తెలుగువారికి అది పరాయి వంటగా తోచదు. అందులోని మిరియాలు మలబారు తీరం నుంచి ఓడలెక్కి వెళ్లినవే. కూర పేరులోని మాతియన్ ఆపిల్‌కు జూలియస్ సీజర్ స్నేహితుడు గాయస్ మాతియస్ పేరు పెట్టారని చెబుతారు.

ఉత్తర ఐరోపాలో ఈ కలయికను స్థిరపరచింది ఋతువు. ఆపిల్ కోతలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరుగుతాయి. పందులు ఆ రోజుల్లోనే తోటల్లో రాలిన పండ్లూ, అడవుల్లో ఓక్ గింజలూ మేసి బలిసేవి. చలికాలంలో మేత దొరకదు కాబట్టి నవంబరు, డిసెంబరు నెలల్లో వాటిని కోసేవారు. తొడలు, పొట్ట భాగం ఉప్పులోకీ పొగలోకీ వెళ్లేవి. వెన్ను పక్క మెత్తని కండను తాజాగా తినేవారు. తాజా మాంసం, కొత్త ఆపిల్ ఒకే నెలలో ఒకే ఇంట్లో ఉండేవి. రెండూ ఒక పెనంలో కలవడానికి వేరే కారణం అక్కర్లేదు.

ప్రాంతాన్నిబట్టి రూపం మారింది. డెన్మార్క్‌లో ‘ఎబ్లఫ్లెస్క్’ పేరుతో ఉప్పు పట్టించిన పంది పొట్ట ముక్కలను కరకరలాడేలా వేయించి, ఆ కొవ్వులో ఆపిల్, ఉల్లిపాయ మగ్గించి రై రొట్టెతో తింటారు. జర్మనీలో రైన్ నది ప్రాంతపు వంట పేరు ‘హిమ్మెల్ ఉండ్ ఎర్డ’, అంటే ఆకాశమూ భూమీ. కొమ్మన కాసే ఆపిల్ ఆకాశం, మట్టిలో ఊరే బంగాళాదుంప భూమి. రెంటినీ మెదిపి పంది రక్తపు సాసేజీ పక్కన వడ్డిస్తారు. ఫ్రాన్స్‌లోని నార్మండీ ఆపిల్ తోటలకూ పాడికీ పెట్టింది పేరు. అక్కడ ఆపిల్‌ను పులియబెట్టిన సైడర్, దాన్ని బట్టీ పెట్టగా వచ్చే కాల్వడోస్, చివర్లో చిక్కటి మీగడ చేరతాయి. తూర్ పట్టణంలో ఆపిల్ ఉండదు. ఎండబెట్టిన ప్లమ్ పండ్లను స్థానికమైన వూవ్రే వైన్‌లో నానబెట్టి పంది మాంసంతో వండుతారు. ఇంగ్లండులో ఆపిల్‌ను విడిగా సాస్ చేసి కాల్చిన మాంసం పక్కన పెట్టడం అలవాటు. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది కొవ్వుకు ఎదురు నిలిచే పులుపు. కొవ్వు నాలుకకు పూతలా పట్టినప్పుడు రెండు ముద్దలకే వెగటు వస్తుంది. పులుపు లాలాజలం ఊరించి ఆ పూతను తేలిక చేస్తుంది. గోంగూర మాంసం, చింతచిగురు మాంసం, మామిడికాయ రొయ్యలు వండేవారికి ఈ మాట కొత్త కాదు. తేడా ఒక్కటే. మన కూరల్లో పులుపు గుజ్జులో కరిగిపోతుంది, ఈ వంటలో పండు ముక్క ముక్కగానే నిలవాలి.

మాంసం ఎంపికలోనే సగం వంట అయిపోతుంది. తొందర వంటకు వెన్ను పక్క కండే తగినది. ఎముకతో సహా అడ్డంగా కోసిన ఆ ముక్కనే చాప్ అంటారు. ఇందులో గట్టి కణజాలం తక్కువ కాబట్టి నిమిషాల్లో ఉడుకుతుంది. లోపలి కొవ్వు కూడా తక్కువే, అందువల్ల అంతే త్వరగా ఎండుతుంది. మందం కనీసం రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. పలుచటి ముక్క పైన రంగు పట్టేలోపే లోపల ఆరిపోతుంది. జబ్బ మాంసం రుచిలో మిన్న, కానీ దానిలోని కొల్లాజెన్ కరగడానికి గంటలు పడుతుంది. అది ఈ పెనానికి పనికిరాదు. అమెరికాలో కొన్ని దశాబ్దాలుగా తక్కువ కొవ్వు కోసమే పందులను పెంచుతూ వచ్చారు. పాత వంట పుస్తకాల్లో రాసిన వంట సమయాలు నేటి మాంసానికి ఎక్కువైపోవడానికి ఇదొక కారణం.

పండు విషయంలో రకాన్ని చూడాలి. ఇంగ్లండు బ్రామ్లీ ఆపిల్ వేడి తగలగానే నురగలా విచ్చిపోతుంది. అది సాస్‌కు శ్రేష్ఠం, పెనంలో ముక్కలకు కాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన గ్రానీ స్మిత్ పుల్లగా ఉండి ఆకారం నిలుపుకుంటుంది. గోల్డెన్ డెలిషియస్ తియ్యనిది, అయినా ముక్క చెదరదు. మన బజార్లలో గ్రానీ స్మిత్‌ను గ్రీన్ ఆపిల్ అని అమ్ముతారు. కాశ్మీరు, హిమాచల్ నుంచి వచ్చే ఎర్ర డెలిషియస్‌లో పులుపు తక్కువ, మగ్గితే పిండిలా అవుతుంది. అదొక్కటే దొరికితే నిమిషం ముందు దించి, నిమ్మరసం పిండుకోవాలి. తొక్క తీయకుండా సెంటీమీటరు మందాన కోస్తే ముక్క నిలుస్తుంది.

వంటకు ముందు మాంసానికి ఉప్పు పట్టించి ముప్పావు గంట ఉంచాలి. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది, తరువాత ఆ ఉప్పునీరు తిరిగి కండలోకి ఇంకుతుంది. అంత తీరిక లేకపోతే పెనంలో వేసే క్షణంలోనే ఉప్పు చల్లడం మేలు. పది నిమిషాల ముందు చల్లితే పైన తడి చేరి నష్టమే మిగులుతుంది. ఎలా చేసినా కాల్చబోయే ముందు ముక్కను గుడ్డతో పొడిగా అద్దాలి. తడి ఉన్నంతసేపూ ఉపరితలం నీరు మరిగే వేడిని దాటదు, రంగు రాదు. మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఎర్రబడే ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీయ్ మయార్ పేరుతోనే పిలుస్తారు. ముక్క అంచున ఉన్న కొవ్వు పట్టీని రెండు మూడు చోట్ల కోసి వదలాలి. లేకపోతే అది వేడికి బిగుసుకుని ముక్కను గిన్నెలా వంచేస్తుంది, మధ్య భాగం పెనానికి తగలదు.

పోత ఇనుప పెనం ఈ పనికి బాగా కుదురుతుంది. వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, కానీ చల్లటి మాంసం పడ్డా వేడి చేజారదు. పెనం బాగా కాలాక నూనె వేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరచాలి. ఇరుకైతే ఆవిరి పుట్టి మాంసం ఉడుకుతుంది, కాలదు. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. మధ్యమధ్య కదపకూడదు, రంగు వచ్చాక ముక్క తనంతట తానే పెనాన్ని వదులుతుంది. తరువాత కొవ్వు అంచును నిలబెట్టి అర నిమిషం కాల్చి, కాస్త పచ్చి మిగిలి ఉండగానే పళ్లెంలోకి తీయాలి.

ఇప్పుడు సెగ తగ్గించాలి. మిగిలిన కొవ్వులో నిలువుగా కోసిన ఉల్లిపాయ, రెండు నిమిషాలకు ఆపిల్, కొన్ని సేజ్ ఆకులు వేయాలి. సేజ్ దొరకకపోతే కచ్చాపచ్చాగా దంచిన సోంపు ఇంపుగా ఉంటుంది. ఆపిల్ ముక్క అంచులు బంగారు రంగుకు రావాలి, నడుమ కొంచెం గట్టిదనం మిగలాలి. అడుగున అంటుకున్న ముదురు రంగు పొరే ఈ వంటకు ప్రాణం. దాన్ని మాడుగా భావించి వదిలేస్తే సగం రుచి తోముడులో పోతుంది. అర కప్పు సైడర్ గానీ ఆపిల్ రసం గానీ పోసి చెక్క గరిటెతో గోకితే అది కరిగి పులుసులో కలుస్తుంది. రసం తియ్యనిదైతే చెంచాడు వెనిగర్, కొద్దిగా ఆవముద్ద కలపాలి. ద్రవం సగానికి ఇగిరాక మాంసాన్నీ, పళ్లెంలో ఊరిన రసాన్నీ తిరిగి చేర్చి, రెండు మూడు నిమిషాలు మగ్గించి, సెగ ఆపి చివర్లో వెన్న ముక్క వేస్తే పులుసు చిక్కబడి మెరుస్తుంది. పులుపు ఎక్కువసేపు నిలిస్తే ఇనుప పెనం నూనె పూత లేచిపోతుంది, కాబట్టి తిన్న తరువాత అందులోనే దాచకూడదు.

ఎంత ఉడకాలన్నది మాంసం ఎక్కడిదన్న దానిమీద ఆధారపడుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పంది కండ ముక్కలకు కనీస లోపలి వేడిని 71 డిగ్రీల సెల్సియస్ నుంచి 63కు తగ్గించి, దించాక 3 నిమిషాలు ఆగమంది. కైమాకు మాత్రం 71 అలాగే ఉంచింది. ఆ వేడి దగ్గర నడుమ లేత గులాబీ రంగు మిగిలి మాంసం రసంతో ఉంటుంది. తనిఖీ జరిగే ఫారాల మాంసానికి చెప్పిన లెక్క అది. ఊళ్లలో వదిలి మేపే పందుల్లో బద్దెపురుగు లార్వాలు ఉండే ప్రమాదం ఉంది కాబట్టి, పెంపకం తెలియని మాంసాన్ని నడుమ గులాబీ రంగు పోయేదాకా, 71 డిగ్రీలు దాటేదాకా ఉడికించడమే క్షేమం. అప్పుడు కొవ్వు ఎక్కువున్న ముక్కలు ఎంచుకుంటే ఎండిపోవు.

ఆపిల్ స్థానంలో పియర్, ప్లమ్, గట్టి పీచ్ ఇదే వరుసలో నడుస్తాయి. అనాసకు మాత్రం జాగ్రత్త కావాలి. పచ్చి అనాసలోని బ్రోమెలైన్ మాంసకృత్తులను కొరికేస్తుంది, ముందుగా కలిపి ఊరబెడితే మాంసం పైపొర పిండిపిండిగా మారుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము పని ఆగిపోతుంది, అందుకే అనాసను పెనంలో విడిగా కాల్చి చివర్లో కలుపుతారు. పక్కన మెదిపిన బంగాళాదుంపో, రొట్టె ముక్కో, వేడి అన్నమో ఉంటే పులుసు వృథా కాదు.