పాత సీసాలో అడవి వాసన

మేము బోర్డో వైన్ తాగినవాళ్లం కాదు. దాని గురించి రాసిన రాతలు చదివినవాళ్లం. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో చేసే ఎర్ర వైన్‌ను కొందరు ఇరవై, ముప్పై ఏళ్లు నేలమాళిగలో దాచి, తర్వాత తెరిచి రుచి చూస్తారు. ఆ రుచిని నాలుగైదు వాక్యాల్లో రాస్తారు. అదొక సాహిత్య ప్రక్రియలాగే నడుస్తుంది. ముందు రంగు, తర్వాత వాసన, ఆపైన నాలుక మీద పులుపు, వగరు, చివరికి మింగాక ఆ రుచి ఎంతసేపు నిలిచిందన్నది.

ఆ రాతల్లో ఒకచోట ఆగిపోయాం. బాగా ముదిరిన వైన్‌కు ఇచ్చే పెద్ద మెప్పుల్లో ఒకటి, వానకు తడిసిన అడవి నేల వాసన. రాలి మెత్తబడిన ఆకులు, పుట్టగొడుగులు. ఫ్రెంచివాళ్లు దీన్ని 'సూ బ్వా' అంటారు. చెట్ల కింది చోటు అని అర్థం. మాలో కొందరం చిన్నప్పుడు హాస్టల్లో 'మీ బట్టలు అడవి కంపు కొడుతున్నాయి' అనిపించుకున్నవాళ్లం. అక్కడ కంపైన వాసన ఇక్కడ మెప్పు ఎలా అయింది? ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

ముందు వాళ్ల పనితనాన్ని ఒప్పుకుందాం. కాబెర్నే సావిన్యోన్, మెర్లో, కాబెర్నే ఫ్రాన్ అనే ద్రాక్షలే ఈ వైన్‌కు ముఖ్యం. తొక్కల నుంచి రంగు, తొక్కల నుంచీ గింజల నుంచీ టానిన్లనే వగరు పదార్థాలు దిగుతాయి. మంచి వైన్‌ను 225 లీటర్ల ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచి సీసాల్లో పోస్తారు. కొత్తలో అది కరక్కాయ నమిలినట్టు నోరు పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి ముడిపడి, కొంత మడ్డిగా అడుగుకు దిగుతాయి. ఊదా కలిసిన ఎరుపు ఇటుక రంగుకు మారుతుంది. పండు వాసన వెనక్కి తగ్గి దేవదారు, పొగాకు, తోలు, పుట్టగొడుగు వాసనలు ముందుకొస్తాయి.

దాచడమూ ఒక విద్యే. 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి, గాలిలో కాస్త తేమ కావాలి. సీసాను పడుకోబెడతారు, బెండు బిరడా తడిగా ఉండాలని. బిరడా ఎండితే గాలి చొరబడి వైన్ పాడవుతుంది. తెరిచే ముందు సీసాను నిలబెట్టి, మడ్డి దిగనిచ్చి, దీపం వెలుగులో చూస్తూ మెల్లగా వేరే పాత్రలోకి వంచుతారు. ఇంత చేసినా ఒకే ఏడాది సీసాలు రెండు ఒకేలా ఉంటాయని నమ్మకం లేదు. ఈ ఓపికను, ప్రతి మార్పునూ గమనించి పేరు పెట్టే అలవాటును మేము గౌరవిస్తాం.

మా అభ్యంతరం వరసల మీద. 1855లో పారిస్‌లో జరిగిన ప్రదర్శన కోసం బోర్డో దళారులు ఎర్ర వైన్ ఎస్టేట్లను ఐదు తరగతులుగా పేర్చారు. కొలత ఏమిటి? చాలా ఏళ్లుగా మార్కెట్లో పలికిన ధర. ఆ జాబితా ఇప్పటికీ చెల్లుతోంది. 1973లో మూతోన్ రోత్‌షీల్డ్ అనే ఎస్టేటును రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కించారు. అంతకుమించి చెప్పుకోదగ్గ మార్పు లేదు. జాబితాలో ఎస్టేట్ల పేర్లున్నాయి. తీగలు కత్తిరించిన చేతుల పేర్లు లేవు. 18వ శతాబ్దంలో ఆ రేవు పట్నం సంపదలో బానిసల వ్యాపారానికీ, బానిసలు పండించిన చక్కెరకూ వాటా ఉందన్న సంగతి ఏ రుచి వర్ణనలోనూ కనిపించదు.

రుచి చెప్పే నాలుకకు స్వేచ్ఛ ఎంత? 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో, బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కన్ను ముందే చెప్పిన మాటను ముక్కు నమ్మింది. రంగే ఇంత చేస్తే, సీసా మీది పేరూ ధరా ఎంత చేస్తాయో ఊహించవచ్చు.

ఇప్పుడు మన కొండలకు వద్దాం. బోర్డో జాబితా తయారైన 24 ఏళ్లకు, 1879లో, గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు లేచింది. దాని కారణాల్లో కల్లు ఒకటి. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని అబ్కారీ నిబంధనలు అడ్డుకున్నాయి. మన్సబుదారు 'చిగురు పన్ను' పిండాడు. ఒకచోట పానీయానికి పట్టం, ఇంకోచోట పానీయానికి పన్ను. ఈ తేడా రుచి వల్ల వచ్చింది కాదు.

మద్యం కూల్చిన ఇళ్లు మన గూడేల్లో ఉన్నాయి. తాగుడును పొగడడానికి ఇది రాయడం లేదు. కొలత గురించే మా మాట. జీలుగు కల్లు పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. అది నేలమాళిగలో ఉండలేదు. దాని గొప్ప ఆ పూటది, ఆ చెట్టుది. ఏళ్లు నిలవడమే గొప్పతనమైతే కల్లు పందెంలోకి రాకముందే ఓడిపోతుంది. నిజానికి బోర్డోలోనూ ఎక్కువ వైన్ కొద్ది ఏళ్లలోనే తాగడానికి చేసిందే.

1936లో 'బోర్డో' అనే పేరుకు చట్టం రక్షణ ఇచ్చింది. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు దక్కింది. దాని రుచిని వర్ణించే మాటలు ఎవరు రాయాలి? పండించినవాళ్లు రాయకపోతే అమ్మేవాళ్లు రాస్తారు.

ఉపాధ్యాయులకు మా సూచన ఇదే. తొలకరి నాడు పిల్లల్ని బడి వెనక చెట్ల కిందికి తీసుకెళ్లండి. ముందు రంగు, తర్వాత వాసన, వరసగా చెప్పమనండి. మార్కులు వేయకండి. తెలుగులో మాట దొరక్కపోతే కోయలో, గోండిలో, సవరలో, వాళ్ల ఇంటి మాటలోనే రాయనివ్వండి. ఆ కాగితాలు మాకు పంపండి, చదువుతాం.