గెట్, పోస్టు: పాఠములోని ఒక లోపము

‘గెట్’ అనగా తెచ్చుకొనుట, ‘పోస్టు’ అనగా రహస్యముగా పంపుట అని వెబ్బును గూర్చిన పాఠములలో తరచు చెప్పుదురు. రెండవ మాట పొరపాటు. పోస్టులో వివరములు చిరునామాపట్టీలో కనబడవు, నిజమే. కాని దారిలో వానిని కాపాడునది హెచ్‌టిటిపిఎస్ గూఢలిపియే.

2022 నాటి ఆర్‌ఎఫ్‌సి 9110 ప్రమాణపత్రము చూచినచో అసలు భేదము తెలియును. జనగామ విద్యార్థి పరీక్షాఫలితమును పదిసార్లు అడిగినను మార్కులు మారవు. ఇట్టి కోరికకు గెట్ తగును. మహబూబాబాదులో మరొకడు రుసుము కట్టుచుండగా నెట్ తెగినదనుకొందము. మరల మీట నొక్కినచో, సర్వరు కనిపెట్టకున్న, డబ్బు రెండుసార్లు పోవచ్చును. పోస్టునకు ఈ ప్రమాదము కలదు. బ్రౌజరు ‘మరల పంపుదునా?’ అని అడుగుట అందుకే. ‘పుట్’ అట్లు కాదు. భూపాలపల్లి బాలిక దరఖాస్తులోని తన చిరునామాను పుట్‌తో నూరుసార్లు పంపినను నిలుచునది ఒక్కటే. ‘డిలీట్’ సంగతియు నంతే. లేనిదానిని మరల తుడుచుట యెట్లు?

ఈ భేదము వట్టి పరిభాష కాదు. ‘తొలగించు’ అను పనిని గెట్ లంకెగా పెట్టిన వెబ్ కార్యక్రమములు కొన్ని ఉండెడివి. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటరు, వేగము కొరకు పుటలోని లంకెలను ముందుగనే తెరచుచు, వానిని కూడ తెరచినది. ఎవరును నొక్కకుండగనే వాడుకరుల వివరములు చెరిగిపోయినవి.