హత్యకు ముందున్న నెలలు

నిజంగా జరిగిన నేరం మీద తీసే టీవీ సినిమాకు ఒక చిక్కుంది. ముగింపు అందరికీ ముందే తెలుసు. అమ్మాయి బతకదు, చేసినవాళ్లు దొరుకుతారు. ఇక ప్రేక్షకుణ్ని కూర్చోబెట్టగలిగే ప్రశ్న ఒక్కటే: దీన్ని ఎక్కడ ఆపి ఉండొచ్చు? టీనేజీ పిల్లల వెంటపడి వేధించే కథల్లో మంచి సినిమాకూ చవకబారు సినిమాకూ తేడా అక్కడే తేలిపోతుంది.

2000లో వచ్చిన అమెరికన్ టీవీ సినిమా ‘ద స్టాకింగ్ ఆఫ్ లారీ షో’ ఈ కోవలోదే. పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్ ప్రాంతంలో 1991 డిసెంబరు 20న 16 ఏళ్ల లారీ హత్యకు గురైంది. ఆమెను వేధించింది మరో అమ్మాయి. తన ప్రియుడితో లారీ కొన్నాళ్లు తిరిగిందన్న కక్షతో నెలల తరబడి వెంటపడింది, బెదిరించింది. ఆ రోజు స్కూలు కౌన్సెలర్ రమ్మంటున్నారన్న దొంగ ఫోన్‌ను నమ్మి తల్లి బయటికెళ్లింది. ఆ కాసేపట్లోనే దాడి జరిగింది.

ఇలాంటి కథలో అసలు పనితనమంతా వరసలో ఉంటుంది. ఫోన్లో తిట్లు, నలుగురిలో నిలదీత, దారికాచి బెదిరింపు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద నేరంగా కనబడదు, ‘పిల్లల గొడవలే’ అని పెద్దలు కొట్టిపారేస్తారు. వాటినే తేదీలవారీగా పేరిస్తే ముప్పు ఎటునుంచి వస్తోందో చూసేవాడికి అర్థమవుతుంది. కోర్టు కాగితం చెప్పలేని సంగతిని కెమెరా చెప్పగలిగేది ఇక్కడే. నిజ జీవితంలో లారీ తల్లి కూడా ఆ వరసనే చట్టసభ ముందు పెట్టి పోరాడింది. వెంటపడటాన్ని నేరంగా చూసే చట్టం 1993లో పెన్సిల్వేనియాకు వచ్చింది.

బలహీనతలూ తక్కువేం కాదు. ఈ కేసులో శిక్ష పడిన యువతిని 1997లో ఫెడరల్ జడ్జి విడుదల చేశారు. పైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చడంతో 1998లో ఆమె మళ్లీ జైలుకెళ్లింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగిన అనుమానాలను గంటన్నర సినిమా ఇట్టే తేల్చేయాలి. పైగా వేధించే పాత్రకే మంచి మాటలు, మంచి సన్నివేశాలు దక్కుతాయి. చనిపోయిన పిల్ల అమాయకపు ముఖంగా మిగిలిపోతుంది.

మన దగ్గర 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. ఒకరు చనిపోయారు. నిందితులు ముగ్గురూ కొద్దిరోజులకే పోలీసు ఎన్‌కౌంటర్‌లో హతమయ్యారు. న్యాయం జరిగిపోయిందని జనం చప్పట్లు కొట్టారు. దాడికి ముందు సాగిన వెంటపడటం మరుగున పడింది. అప్పటికి అది ప్రత్యేక నేరం కూడా కాదు. ఐపీసీలో 354డి సెక్షన్ 2013లో వచ్చింది, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. అయితే ఈ సెక్షన్ వెంటపడే మగవాడికే వర్తిస్తుంది. లారీ కథ ఇక్కడ జరిగితే బెదిరింపు, దాడి సెక్షన్లనే వెతుక్కోవాలి.

ఇక్కడ ఇలాంటి సినిమాలు తీసేవాళ్లకు మరో హద్దుంది. లైంగిక నేరానికి గురైన మైనర్ పేరు, ఫొటో, బడి, ఇల్లున్న చోటు ఏవీ మీడియా బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. పెద్దల కథల్లోనూ గొడవలొచ్చాయి. మిర్యాలగూడలో జరిగిన ఒక హత్య ఆధారంగా రాంగోపాల్ వర్మ తీసిన ‘మర్డర్’ను ఆపాలని 2020లో బాధిత కుటుంబం కోర్టుకెక్కింది. పేరు, ఊరు తీసేస్తే కథలో బలం పోతుందనుకోవడం పొరపాటు. వరస మిగిలితే చాలు.

సంగారెడ్డి జిల్లా కల్హేర్ లాంటి మండలంలో ఇలాంటి సినిమాకు అసలు పరీక్ష ఎదురవుతుంది. చదువు కోసం నారాయణఖేడ్ బస్సెక్కే పిల్ల వెంట ఒక పోరగాడు తిరుగుతుంటాడు. హీరోయిన్ ఒప్పుకునేదాకా వెంటపడే హీరోలను చూసి పెరిగినవాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే చాలాసార్లు ఆగిపోయేది వాడి తిరుగుడు కాదు, పిల్ల చదువు. హత్యనే పదేపదే చూపించే సినిమా ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది. ‘చూసినవా, అందుకే వద్దంటున్న’ అనడానికి తండ్రికి ఒక సాకు దొరుకుతుంది.

కాబట్టి అలాంటి సినిమాలో హత్యకన్నా ముఖ్యమైన సన్నివేశం ఇంకొకటుంది: పిల్ల మొదటిసారి నోరు విప్పడం, పెద్దలు విన్నాక చేసే పని. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలై జిల్లాలకు విస్తరించిన పోలీసు బృందాలు, షీ టీమ్స్, మఫ్టీలో తిరుగుతాయి, వీడియో సాక్ష్యం తీస్తాయి, మైనర్ అబ్బాయిలైతే తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తాయి. ఇందులో రక్తం లేదు, నేపథ్య సంగీతానికి పెద్దగా పనిలేదు. టీఆర్పీ తగ్గొచ్చు కూడా. కానీ సినిమా చూసి లేచిన తండ్రి ‘నువ్వెందుకు పోయినవ్’ అనడానికి ముందు ‘వాడెవడు బిడ్డా, ఎన్ని రోజుల సంది’ అని అడిగితే, ఆ సినిమా తన పని చేసినట్టే.