ఎక్కడ నిలబడి చూశారు?

హైదరాబాద్ యాత్రావ్యాసాలు చార్మినార్ దగ్గర మొదలై గోల్కొండలో ముగుస్తాయి. వాటిలో అమీర్‌పేటకు చోటుండదు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో బ్యాగు సర్దుకుని వచ్చే కుర్రాళ్ళకి మాత్రం నగరం మైత్రీవనం దగ్గరే మొదలవుతుంది. పొద్దున్నే డెమో క్లాసు, ఆదిత్య ట్రేడ్ సెంటర్ మెట్ల మీద తోపులాట, జిరాక్స్ షాపులో మెటీరియల్, హాస్టల్లో షేరింగ్ రూము. అక్కణ్ణుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ దాటితే పంజాగుట్ట. నిమ్స్ ఆస్పత్రి బయట రోగుల వెంట వచ్చినవాళ్ళు చాప, ఫ్లాస్కు, రిపోర్టుల కవరు పక్కన పెట్టుకుని కూర్చుంటారు. వాళ్ళెరిగిన హైదరాబాద్ అంటే మందుల షాపు, ల్యాబు, టీ బండి. అదే రోడ్డు మీద పెళ్ళి బట్టలు కొనడానికి కారు దిగినవాళ్ళకి షోరూముల అద్దాలే పంజాగుట్ట. ఈ ముగ్గురినీ ఊరెలా ఉందని అడగండి. ఒకరి మాట ఒకరికి పొసగదు. అబద్ధమాడినవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు.

యాత్రలు రాసేవాడిగా నన్ను ఎప్పుడూ పట్టి ఉంచే ప్రశ్న ఇదే. లేనిది రాయకపోతే చాలు, నిజాయితీ నిలబడినట్టేనని మనలో చాలామందికి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. ఏ వేళప్పుడు, ఎక్కడ నిలబడి, ఏ పని మీద వచ్చి, ఎవరి ఖర్చుతో చూశామో చెప్పకపోతే కళ్ళారా చూసింది కూడా పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది. ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణం రోజున బల్కంపేట వచ్చినవాడు, ఇక్కడ అడుగు తీసి అడుగు వేయలేమని రాస్తాడు. నిజమే. భూమట్టానికి దిగువన కొలువైన ఆ తల్లిని మామూలు రోజు మధ్యాహ్నం తీరిగ్గా చూసి వెళ్ళినవాడు రాసేదీ నిజమే. తేదీ లేని వాక్యం ఆ ఒక్కరోజును ఏడాదంతటికీ అంటగడుతుంది.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో తెరిచాక ఇదే దారిని రెండు ఎత్తుల నుంచి చూసే వీలు కలిగింది. పై నుంచి చూస్తే హోర్డింగులు, హాస్టల్ డాబాల మీద ఆరేసిన బట్టలు, దూరంగా చెట్ల పచ్చదనం. కింద నడిస్తే పిల్లర్ల నీడ, హారన్లు, ఫుట్‌పాత్ మీద మిర్చిబజ్జీ బండి. ఏసీ బోగీలో కూర్చుని చూసి, రోడ్డు మీద నడిచినట్టు రాయడం చిన్న విషయంగానే కనిపిస్తుంది. నా లెక్కలో అది చిన్నది కాదు. ఏ ఎత్తు నుంచి చూశామో దాచిపెడితే, చూసినదాని కొలతలన్నీ మారిపోతాయి.

ఈ పనిలో నేను పెద్దబాలశిక్షలా దగ్గర పెట్టుకునే పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉన్న ఆయన 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిలో హైదరాబాద్ షహరునూ సికింద్రాబాద్ దండునూ చూశారు. మజిలీ మజిలీకీ రాసుకుంటూ, ఆ రాతల్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళైకి పంపారు. 1838లో పుస్తకం వెలువడే నాటికి రచయిత లేరు. మజిలీల మధ్య ఎంత దూరం, దారి ఎలాంటిది, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అని ఓపిగ్గా చెబుతారు. అదంతా చప్పగా ఉందని పేజీలు తిప్పేసేవాళ్ళుంటారు. నాకు ప్రాణం అక్కడే కనిపిస్తుంది. ఆయన వెంట బంధువులు, పరివారం కలిపి వందమంది దాకా ఉన్నారు. పల్లకీ ఉంది, బోయీలున్నారు. ఇంగ్లీషువాళ్ళ కొలువు ఆయనది, వాళ్ళ పాలన మీద గౌరవమూ ఉంది. వీటిలో ఏదీ దాచలేదు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయన తీర్పుల్లో ఏది కళ్ళతో చూసింది, ఏది ఆయన కూర్చున్న చోటు చూపించింది అని మనం విడదీసుకోగలుగుతున్నాం.

ఈ విడదీసుకునే అవకాశం అన్ని పుస్తకాలూ ఇవ్వవు. అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ కుక్కను వెంటబెట్టుకుని క్యాంపర్ ట్రక్కులో దేశం తిరిగిన కథ 1962లో వచ్చి ఎందరికో ప్రయాణాల పిచ్చి ఎక్కించింది. 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పాత్రికేయుడు అదే దారి పట్టి వెళ్ళి, రచయిత చాలా రాత్రులు హోటళ్ళలో గడిపారనీ, కొన్ని సంభాషణలు కల్పితాలై ఉంటాయనీ తేల్చాడు. 2012 నాటి కొత్త ముద్రణ ముందుమాటలోనే, ఇందులోని ప్రతి మాటనూ జరిగినట్టుగా తీసుకోవద్దన్న హెచ్చరిక చేరింది. గొప్ప వచనమే. అయినా నన్నది బాధిస్తుంది. దారిలో ఎదురైన మనిషి నోట మన మాట పెట్టడమంటే ఆ మనిషి చెప్పుకోదగ్గ మాటను తీసి పారేయడమే. మన వ్యాసాల్లో జీవితసత్యాలు చెప్పే ఆటో డ్రైవర్లు ఎంతమంది! అమీర్‌పేట చౌరస్తాలో అసలు ఆటో డ్రైవరు మీటరు గురించి, గ్యాసు ధర గురించి, పిల్లల ఫీజుల గురించి మాట్లాడతాడు. ఆ మాటలే రాయాలి.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. రిసార్టువాళ్ళు గది ఇస్తారు, టూరిజంవాళ్ళు బండి పంపుతారు. తీసుకున్నది చెప్పకుండా పొగిడితే అది ప్రకటన. సోషల్ మీడియాలో ప్రచారం చేసేవాళ్ళు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నిబంధన పెట్టింది. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. పత్రికల్లో రాసేవాళ్ళం ఇంకొకరు చెప్పేదాకా ఆగకూడదు. వ్యాసం చివర ఒక్క వాక్యం చాలు.

ఇక మీతో ఒక మాట. కోర్సు కోసం అమీర్‌పేట హాస్టల్లో ఉన్నవాళ్ళూ, అమ్మనో నాన్ననో నిమ్స్‌లో చేర్పించి పంజాగుట్టలో రాత్రులు గడిపినవాళ్ళూ ఈ కాలమ్ చదివేవారిలో తప్పకుండా ఉంటారు. మీరు చేసింది యాత్రే. దాన్ని రాయండి. అందంగా రాకపోయినా ఫరవాలేదు. తేదీ వేయండి, బస్సు ఎక్కడ దిగారో, భోజనానికి ఎంత ఇచ్చారో, ఎవరు దారి చూపించారో పెట్టండి. చూడనిది చూడలేదని రాయండి.