విత్తినోళ్ళకి కోత ఏది?

మా అమ్మకి చదువు రాదు. అయినా ప్రసంగాన్ని విమర్శించడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

నరసరావుపేట దగ్గర మా పల్లెలో మూడు రాత్రులు సువార్త సభలు పెట్టారు. చివరి రాత్రి దైవసేవకుడు గలతీ పత్రిక తీశాడు. మనిషి ఏది విత్తితే అదే కోస్తాడని రెండు గంటలు చెప్పాడు. తాగుబోతుకి పేదరికం, సోమరికి ఆకలి, పెద్దల మాట వినని పిల్లకి కన్నీళ్ళు. దారులు రెండే, ఏది పట్టాలో నీ ఇష్టం, తర్వాత వచ్చేది నీ బాధ్యత. ఇదీ సారాంశం. జనం హల్లెలూయ అన్నారు. నేనూ అన్నాను. ఇంటికి నడిచొస్తుంటే అమ్మ అంది:

"నలభై ఏళ్ళు మిరప నారు నాటా గదయ్యా. కలుపు దీశా, కాయ గోశా. నేనేసిన పంట నా ఇంటికి ఎప్పుడొచ్చింది? ఆయనకి పొలం పన్లు తెలవ్వా ఏంది?"

నేను చదివిన విమర్శ పుస్తకాలేవీ ఆ ప్రసంగాన్ని అంత సూటిగా పట్టుకోలేవు. విత్తిందే కోస్తావనే మాట సొంత పొలం ఉన్నవాడికి చెప్పాల్సింది. పరాయి చేలో విత్తినోళ్ళకి కోత కూడా కూలిపనే. యెషయా గ్రంథం చివర్లో, ఒకరు నాటితే ఇంకొకరు తినే కాలం పోతుందని ప్రవక్త చెప్తాడు. ఆ వాక్యం మీద మా గూడెంలో ప్రసంగం నేను ఇంతవరకూ వినలేదు.

ఇక నా సంగతి. మా నాయన పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో కూలి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. బళ్ళో చేర్చేటప్పుడు అమ్మ నాకు బైబిలు పేరు చెప్పింది. అక్కడి సారు కలం ఆపి, "ఈ పేరు రాస్తే రేపు వీడు బీసీ సీలో పడతాడు, ఇంకో పేరు చెప్పండి" అన్నాడంట. ఆయన మా మంచికే చెప్పాడు. నాయన గోడమీది క్యాలెండరు వంక చూసి, అందులో ఉన్న దేవుడి పేరు చెప్పాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఒక పేరు, రిజిస్టర్లో ఒక పేరు. నా బతుకులో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం నాకు ఆరేళ్ళప్పుడు, ఒక్క నిమిషంలో అయిపోయింది. నన్నెవరూ అడగలేదు.

ఆ 'సీ' ఏందో విద్యార్థులకి చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి పోయిన మాల మాదిగలు బీసీ సీ, వాటా ఒక్క శాతం. వీళ్ళకి ఎస్సీ హోదా ఇమ్మని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరు విషయంలో, క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. తిట్టేవాడికి మన కులం గుర్తుంటుంది. చట్టమే మర్చిపోతుంది.

నేను బాప్తిస్మం తీసుకోలేదు. ఉద్యోగం తీసుకున్నాను. నెలకోసారి ప్రభువు బల్ల నాడు రొట్టె పళ్ళెం అమ్మ చేతిలోంచి నన్ను దాటి పక్కాయన చేతికి పోతుంది. చిన్నప్పుడు టీకొట్లో మాకోసం విడిగా బోర్లించిన గ్లాసు అప్పుడు నా కళ్ళముందుకొస్తుంది. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రభువుని జీతానికి అమ్ముకున్నవాళ్ళ గురించి మాట్లాడుతూ నావైపే చూశాడు. ఆయన అన్నది పూర్తిగా అబద్ధమని నేను అనను. స్టాఫ్ రూములో ఒకాయన "మీరు క్రిస్టియన్సా అండీ?" అని అడిగితే "కాదండీ" అన్నాను. పేతురు మూడుసార్లే అన్నాడు. నేను లెక్కపెట్టుకోలేదు.

కాబట్టి ఈ విమర్శ బయట నిలబడి చేస్తున్నది కాదు. నా మీద పడ్డ మాటనే పరీక్షిస్తున్నాను. నువ్వు ఇట్టా ఉండటానికి నువ్వు చేసిందే కారణం అనే మాట మాదిగ పల్లెకి కొత్త కాదు. దాన్ని ఇంతకుముందు కర్మ అన్నారు. మా తాతలు దేన్నుంచి పారిపోయి చర్చికి వచ్చారో అదే సిద్ధాంతం తెల్ల చొక్కా తొడుక్కుని చర్చి మైకు పట్టుకుంది. ఒక్కటే తేడా. కర్మ పోయిన జన్మలో తప్పు వెతికింది, ఈ ప్రసంగం ఈ జన్మలోనే వెతుకుతుంది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగారు: పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా? ఎవరూ కాదన్నాడు యేసు. అని ఊరుకోలేదు, వాడి కళ్ళు తెరిపించే పనిలోకి దిగాడు.

ఆ అధ్యాయాన్ని నాకు అర్థమయ్యేట్టు చేసింది చర్చి కాదు, మా వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అరుంధతీ సుతుడు కర్మ అనే మాటనే బోనెక్కిస్తాడు. దాంతో తన నోరు కట్టేసి, స్వార్థపరులు తన కూడు తింటున్నారని అంటాడు. గుడిలోకి తను పోలేడు, గబ్బిలం పోతుంది. అందుకే దాంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. క్రైస్తవుడై పుట్టినవాడు శివుడికి మొరపెట్టుకోవడమేందని మన కార్యకర్తలు కొందరు అడుగుతారు. దెబ్బ కొట్టినోడి గుమ్మం ముందే గదా పంచాయితీ పెట్టేది! అయితే ఆ గొంతులో ఆగ్రహంతో పాటు వేడికోలు కూడా ఉంది. అది లోటేనని నేనూ ఒప్పుకుంటాను.

జాషువా గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశాడు. అక్కడ కుదురుగా కీర్తనలు రాసుకుంటే సంఘం నెత్తిన పెట్టుకునేది. ఆయన సంస్కృత కావ్యాలు, ఛందస్సు ఎంచుకున్నాడు. క్రైస్తవ పెద్దలు హిందూ పురాణాలు నీకెందుకన్నారు. సభల్లో అగ్రకులాలవాళ్ళు నీ కులమేందన్నారు. ఇదంతా ఆయన ఎంచుకున్నదానికి ఫలితం అందామా? ఎంచుకున్నది పద్యాన్ని. అవమానాన్ని ఎంచుకుంది ఎదుటివాళ్ళు. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నా మటుకు నాకు యేసు అన్న "ఎవరూ కాదు" అనే జవాబు 'గబ్బిలం'లోనే గట్టిగా వినబడుతుంది.

ఇంకో సంగతి. ప్రసంగాల్లో నిర్ణయం ఎప్పుడూ ఒంటరి మనిషిదే. మన చరిత్ర అట్టా లేదు. ఒంగోలులో క్లౌ దొర దగ్గరికి మాదిగలు వస్తే, వాళ్ళని చేర్చుకుంటే మా పిల్లల్ని బడి మానిపిస్తామని అగ్రకులాలవాళ్ళు బెదిరించారు. ఆయన మాదిగల్ని ఎంచుకున్నాడు, ఆ పిల్లల్ని పోగొట్టుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పల్లెలకి పల్లెలు కలిసి మాట్లాడుకుని వేసిన అడుగు అది. కష్టం వస్తే కలిసే మోశారు. ఇప్పుడు మాత్రం ఒక్కొక్కణ్ణి విడిగా నిలబెట్టి లెక్క అడుగుతున్నారు.

ఎవరి బాధ్యత వాళ్ళకి లేదని నేననను. అటువంటి ప్రసంగం విని మా మేనమామ సారా మానేశాడు. ఆయన కూతురు ఇప్పుడు నర్సింగు చదువుతోంది. ఆ మేలు నేను కాదనలేను. అయితే సారా మానడం మామ చేతిలో ఉంది. ఆయన కూలి రేటు ఆయన చేతిలో లేదు. ఈ రెంటినీ వేరు చేసి చెప్పలేని ప్రసంగం సగమే సువార్త.

చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది ఒకటే. చర్చిని వదిలిపెట్టి పోకండి, అక్కడే లేచి అడగండి: ఈ పొలం ఎవరిది? యువజన కూటాల్లో యోహాను తొమ్మిదో అధ్యాయం పక్కన 'గబ్బిలం' పెట్టి చదవండి.

అమ్మ నా బాప్తిస్మం కోసం ఇప్పటికీ మోకరిస్తుంది. నేనింకా జవాబు చెప్పలేదు. వచ్చే నెల కూడా పళ్ళెం నన్ను దాటి పోతుంది. రేపు నేను ఏ దారి పట్టినా దాని బరువు మోస్తాను. కానీ అదంతా నేనొక్కణ్ణే విత్తిన పంట అంటే మాత్రం ఊరుకోను.